నల్లమలకు మోసుకెళ్లిన మూటలు

2024 సంక్రాంతి సెలవుల్లో నల్లమల అంచున ఒక చెంచు గూడేనికి వెళ్లి మేం చేసిన సేవ గురించి మా నాచారం అపార్ట్‌మెంటులో ఇప్పటికీ మంచిగానే చెప్పుకుంటారు. ఆ పని తలపెట్టింది నేను. నలుగురినీ కూడగట్టింది, మూటలు కట్టించింది, బండి మాట్లాడింది నేను. కాబట్టి అక్కడ నేనెంత తెలివితక్కువగా నడుచుకున్నానో చెప్పాల్సింది కూడా నేనే. గూడెం పేరు మాత్రం రాయను. ఇది చదివి ఇంకెవరో మూటలతో అక్కడికి బయల్దేరడం నాకిష్టం లేదు.

ఆలోచన పుట్టింది మా చెల్లెలి ఫోన్ కాల్‌తో. వాళ్లు ఆరిజోనాలో చాండ్లర్‌లో ఉంటారు. ఆ ముందటి క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని హోపీల ఊళ్లకు వెళ్లొచ్చారు. హోపీలు అక్కడి మూలవాసులు. బల్లపరుపు గుట్టల మీద ఊళ్లు కట్టుకుని, ఎడారి లాంటి నేలలో కాలువ నీళ్లు లేకుండా వానను నమ్ముకుని మొక్కజొన్న పండిస్తారు. వాళ్ల పాత ఒరైబి ఊరు దాదాపు తొమ్మిది వందల ఏళ్లనాటిది. చలికాలంలో అక్కడ మంచు పడుతుంది. ఇళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి చాలామంది దగ్గర్లోని కయెంటా గని బొగ్గు వాడేవాళ్లు. 2019లో ఆ గని మూతపడ్డాక కట్టెలకు కటకట వచ్చింది. చెల్లెలి కుటుంబం చేసిన పని, ముసలివాళ్లున్న ఇళ్లకు కట్టెలు చేర్చి పేర్చిపెట్టడం. ఏ ఇంటికి ఎన్ని వెయ్యాలి, ఎక్కడ పేర్చాలి అన్నదంతా ఊరివాళ్లే చెప్పారట. వీళ్లు చెప్పింది చేసి వచ్చేశారు.

నేను అడిగిన మొదటి మాట, "ఫోటోలు పంపవే."

"ఆ ఊళ్లల్లో ఫోటోలు తియ్యనియ్యరక్కా. బొమ్మ గీసుకోనియ్యరు, రికార్డు చేసుకోనియ్యరు. ముందే చెప్పేస్తరు" అంది.

నూరేళ్ల కిందట వాళ్ల పాముల నృత్యాన్ని చూడటానికి జనం కెమెరాలేసుకుని ఎగబడేవాళ్లనీ, అది భరించలేకే కెమెరాలు వద్దన్నారనీ కూడా చెప్పింది. నేను ఊఁ కొట్టాను. ఒక ఊరు తన మొహాన్ని ఎవరికి చూపాలో తానే నిర్ణయించుకుంటుందనే సంగతి నా చెవిదాకా వచ్చి ఆగిపోయింది. చెల్లెలి పిల్లలు సెలవుల్లో సేవ చేసొచ్చారు, నా పిల్లలు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు, నా మనసులో పడ్డది అదొక్కటే. పైగా మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్ల స్కూల్లో సామాజిక సేవకు గంటలు లెక్కేసి సర్టిఫికెట్ ఇస్తారు.

తెలిసినవాళ్ల ద్వారా నల్లమల దగ్గర మన్ననూరు వైపు ఒకాయన నంబరు దొరికింది. ఆయన్ని నేను అడిగినవి: ఎన్ని కుటుంబాలుంటాయి, బండి గూడెందాకా పోతుందా, ఆడవాళ్లకు బాత్రూం వసతి ఉందా. వాళ్లకు ఏం కావాలి అన్న ప్రశ్న నా నోటెంట రాలేదు. ఏం కావాలో నాకు తెలుసనే అనుకున్నాను.

అపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజీ పెట్టిన వారం తిరక్కుండానే సెల్లార్‌లో మా పార్కింగ్ జాగా నిండిపోయింది. చమ్కీల ఫ్రాకులు, మోకాళ్ల దగ్గర చింపిన జీన్సులు, ఒంటికి పట్టని బ్లేజర్లు, ఒక్క పెళ్లికి కట్టి పక్కన పడేసిన ఫ్యాన్సీ చీరలు. చందా డబ్బుతో బేగంబజార్లో దుప్పట్లు కొన్నాం. మా అత్తమ్మది కల్వకుర్తి వైపు. ఆమె కిందికి దిగొచ్చి ఆ కుప్పను చూసింది.

"గివి కట్టి ఇడిసిన బట్టలు గదా బిడ్డా. మా చిన్నప్పుడు చెంచోళ్లు మా ఊరికి తేనె తెచ్చి జొన్నలు కొండవొయ్యేటోళ్లు. మార్చుకునుడే, అడుక్కునుడు లేదు. ఒగల పాత బట్ట అడిగినోన్ని నేను సూడలె."

"కాలం మారింది అత్తమ్మా" అని పని చూసుకున్నాను. మా ఇంట్లో చెంచులను దగ్గర్నుంచి చూసిన మనిషి ఆమె ఒక్కతే.

ఉప్పల్ రింగురోడ్డు, నాగోల్, ఎల్బీనగర్ దాటి తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డెక్కాం. కడ్తాల్, ఆమనగల్లు, డిండి, హాజీపూర్. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైచిలుకు అడవి. లోపలి పెంటలకు, అంటే చెంచు గూడేలకు, అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. మేం వెళ్లిన గూడెం ఆ లోపలిది కాదు.

దారిలో పిల్లలకు పాఠం మొదలుపెట్టాను. వాళ్లు ఆదిమ జాతి, వేల ఏళ్లుగా అడవిలోనే ఉన్నారు, మన నాగరికతతో సంబంధం లేనివాళ్లు, వాళ్లను చూస్తే మనకెన్ని ఉన్నాయో మీకు తెలుస్తుంది. ఇలా సాగింది. మా ఇంటికి కూతవేటు దూరంలో హబ్సిగూడలో సీసీఎంబీ పరిశోధన సంస్థ ఉంది. రోజూ దాని గేటు ముందు నుంచే పోతాను. అక్కడి శాస్త్రవేత్తలు అమెరికావాళ్లతో కలిసి చేసిన జన్యు అధ్యయనం 2009లో నేచర్ పత్రికలో వచ్చింది. అందులో పరిశీలించిన పాతిక సమూహాల్లో చెంచులూ ఉన్నారు. మన దేశంలో కులమనీ తెగ అనీ చెప్పుకునే దాదాపు అందరిలోనూ రెండు ప్రాచీన జనాల కలయికే ఉంది, పాళ్లే వేరు అని అందులో తేలింది. ఇది నేను తర్వాత చదివాను. ఆ రోజు కారులో మాత్రం వాళ్లొక జాతి, మేమొక జాతి అన్నట్టే మాట్లాడాను, నా పిల్లలు అది నమ్మారు.

గూడెంలో దిగగానే అందరినీ లైన్లో నిలబెట్టాం. సక్రమంగా జరగాలని నా తాపత్రయం. ఒక ముసలాయన వేపచెట్టు కింద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. "తాతా, మీరూ రండి" అని పిలిచాను. "నాకు లైన్ల నిలబడుడు రాదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. ఆయన దగ్గరికి ఎవరైనా వెళ్లి దుప్పటి ఇవ్వచ్చు. ఇస్తే లైన్ చెడిపోతుందని నేను ఇవ్వనివ్వలేదు. కాసేపటికి చూస్తే ఆరో తరగతి చదివే మా అబ్బాయి దుప్పట్లు అందించే పని వదిలేసి ఆ తాత పక్కన కూర్చుని ఉన్నాడు. పిలిచి నాలుగు తిట్టాను.

పంపకం అయ్యాక ఒకామె, నాకంటే చిన్నదే, "ఇంట్లకు రాండ్రి, చాయ పెడత" అని తీసుకెళ్లింది. లోపల మూలన దుప్పట్ల దొంతర ఉంది. కొన్నిటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నేను ఇచ్చినదాన్ని ఆమె ఆ దొంతర మీదే పెట్టింది.

"చలికాలమొస్తే మీ అసోంటోళ్లు శానమంది ఒస్తరమ్మా. అందరు దుప్పట్లే తెస్తరు."

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. పొయ్యి మీద నీళ్లు పెడుతూ ఎక్కడినుంచి వచ్చామని అడిగింది. హైదరాబాద్ అన్నాను. హైదరాబాద్‌ల యాడ అంది. "నాచారమని, ఉప్పల్ దగ్గర. మీకు తెలియదులే" అన్నాను.

"నాచారమా? ఈఎస్ఐ దవాఖాన కాడనా, మల్లాపూర్ దిక్కా?"

నాకు నోట మాట రాలేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ అక్కడ అపార్ట్‌మెంట్ల పనికి వచ్చారట. ఎంజీబీఎస్‌లో దిగి ఉప్పల్ బస్సెక్కడం, రింగురోడ్డు దగ్గర షేర్ ఆటో, బస్తాలు కట్టుకుని సెల్లార్‌లో కాపురం, అంతా చెప్పింది. "మా పెద్దపిల్ల ఆ సెల్లార్‌లనే నడ్సుడు నేర్శింది" అంది. మా వీధులు ఆమెకు తెలుసు. నీళ్ల ట్యాంకర్ ఏ రోజు వస్తుందో, ఏ కిరాణావాడు ఖాతా పెడతాడో తెలుసు. ఆమె ఊరి పేరు నాకు ఆ నెల్లోనే తెలిసింది. ఆమె కట్టింది ఏ అపార్ట్‌మెంటని నేను అడగలేదు. మాదే అంటుందేమోనని భయమేసింది.

ఇంతవరకూ జరిగినవాటికి తెలియనితనం అని పేరు పెట్టుకోవచ్చు. తర్వాత చేసినవాటికి అదీ కుదరదు.

మేం చాయ తాగి బయటికొచ్చేసరికి ఒక అవ్వ మోదుగాకుల విస్తట్లో ఉడికిన గడ్డలు పట్టుకొచ్చింది. పొట్టు నల్లగా ఉంది, చిట్లినచోట లోపల తెల్లగా, ఆవిర్లు వస్తున్నాయి. ఒక గడ్డ పొట్టు తనే ఒలిచి మా అబ్బాయి ముందు పెట్టి "తిను బిడ్డా" అంది. వాడు చెయ్యి చాపాడు. నేను ఇంగ్లీషులో, ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో, అది తినొద్దు, వీళ్ల నీళ్లు ఎలాంటివో ఏమో, రోగాలొస్తాయి అన్నాను. వాడి చెయ్యి వెనక్కి వచ్చింది.

అవ్వ వెనకాల ఒక అమ్మాయి నిలబడి ఉంది. గురుకులంలో ఇంటర్ చదువుతోంది, సెలవులకు ఇంటికొచ్చింది. ఆ సంగతి మా అమ్మాయికి అప్పటికే తెలుసు, ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను కనుక్కోలేదు.

"బోరు నీళ్లే ఆంటీ" అంది ఆ అమ్మాయి మెల్లగా, తెలుగులో. "అవ్వ మంచిగనే ఉడకబెట్టింది. మీరొస్తున్నరని పొద్దున అడవిలకు పొయ్యి తవ్వుకొచ్చింది."

అవ్వకు మా మాటలు అందలేదు. "ఏమంటున్నరే?" అని మనవరాలిని అడిగింది.

"కడుపులు నిండినయట అవ్వా" అంది ఆ పిల్ల.

అవ్వ "అయ్యో, మరి మూట గట్టిస్త, తొవ్వల తినుండ్రి" అని ఆ గడ్డల్ని ఆకుల్లో చుట్టి నా చేతిలో పెట్టింది. ఆ పొట్లాన్ని ఏం చేశానో రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను. డిండి దాటాక కిటికీలోంచి పారేశాను.

చెంచులు మాట్లాడేది తెలుగే. నా భాషే. హోపీల సొంత భాష మా చెల్లెలికి రాదు. నాకు ఆ అడ్డం కూడా లేదు. ఉన్న ఒక్క వంతెనను నేనే తీసేసి ఇంకో భాషలోకి వెళ్లాను. అవ్వ దేన్ని పెట్టిందో కూడా ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాకే తెలిసింది. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయాడు. భార్య బెట్టీతో కలిసి ఆయన ముందుగా పనిచేసింది ఈ అమ్రాబాద్ చెంచుల మధ్యే. 1943లో వచ్చిన ఆయన పుస్తకం నిండా గడ్డల ప్రస్తావనే. పొద్దున్నే కర్ర పట్టుకుని అడవిలోకి వెళ్లి రాళ్ల నేలలో తవ్వుకొచ్చే ఆ గడ్డలే వాళ్లకు తరాలుగా మూల ఆహారం. దొరికే రోజు దొరుకుతాయి, దొరకని రోజు దొరకవు. దొరికిన రోజున ఆమె మా కోసం ఉడకబెట్టింది. బెట్టీ, హైమన్‌డార్ఫ్‌లు తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లారు. 1987లో బెట్టీ చనిపోతే మార్లవాయి గూడెంలోనే సమాధి చేశారు. ఆ దంపతులు గూడేల్లో ఎన్ని చేతుల అన్నం తిని ఉంటారో అని తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు.

ఇంకొకటి ఉంది. గడ్డల సంగతికంటే కూడా ఇదే నన్ను ఎక్కువ కలచివేస్తోంది. నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక యూనిట్‌లో లెక్కలు చూస్తాను. కార్మికుల జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ. ఎవరి డబ్బు ఎందుకు ఖాతాలో పడలేదో పట్టుకోవడం నా రోజువారీ పని. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు, మా రికార్డులో ఇంకో పేరు, ఇలాంటివి చూసీ చూసీ అక్షరం తేడా కంటికి ఇట్టే ఆనుతుంది. ఆ రోజు మేం బయల్దేరుతుండగా ఒకతను వచ్చాడు. నేను లెక్కల పని చేస్తానని మా ఆయన మాటల్లో విన్నట్టున్నాడు. పాలిథీన్ కవర్లో చుట్టి దారం కట్టిన కట్ట విప్పాడు. పాస్‌బుక్కు, జాబ్‌కార్డు, ఆధార్.

"మేడం, ఉపాధి పైసలు పడ్తలేవు. అందరికి పడ్డయ్, నాకే పడలె. జర సూడుండ్రి."

ఆ నెల మొదటి తారీఖు నుంచే ఉపాధి హామీ కూలి ఆధార్ ఆధారంగా చెల్లించడం దేశమంతా తప్పనిసరి అయింది. ఆ కాగితాలు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు పది నిమిషాల పని. ఆ గూడేనికి నేను నిజంగా ఇవ్వగలిగింది ఏదైనా ఉంటే అదొక్కటే. కానీ పొద్దు వాలుతోంది, గ్రూప్ ఫోటోకు వెలుతురు పోతుందని మావాళ్లు తొందరపెడుతున్నారు. "మండలాఫీసులో అడగండన్నా, వాళ్లు చూస్తారు" అనేసి ఫోటోకు వెళ్లాను. అతను కాగితాలు మళ్లీ కవర్లో పెట్టి, దారం చుట్టుకుంటూ పక్కకు జరిగి నిలబడ్డాడు. ఫోటోలో ఒక అంచున అతని భుజం పడింది.

తిరుగు ప్రయాణంలో మా అబ్బాయి నోరు విప్పాడు. లైన్లో నిలబడని తాత వాడికి తేనె తీయడం గురించి చెప్పాడట. కొండ అంచు నుంచి తాడుతో లోయలోకి దిగి, పొగ పెట్టి తుట్టె కోస్తారు. పైన తాడు పట్టుకునేది ఎవరో తెలుసా మమ్మీ అని అడిగాడు. బామ్మర్ది. సొంత అన్నదమ్ములకైనా ఆ తాడు ఇవ్వరట. అక్కనో చెల్లెనో ముండమోయించుకునే పని ఏ తోడబుట్టినవాడూ చెయ్యడు గనక ఆ తాడు వదలడు. ఇంత సంగతి వాడు విన్నాడు, నేను తిట్టి లేపేలోపు. ఆ మధ్యాహ్నం అక్కడ ఏదైనా నేర్చుకున్న మనిషి మా కారులో వాడొక్కడే.

సర్టిఫికెట్ కోసం అమ్మాయి రెండు పేజీల రిపోర్టు రాసింది. చదివి ఇవ్వమని నా దగ్గరికి తెచ్చింది. గడ్డల సంగతి ఉన్నదున్నట్టు రాసింది, నేను ఏమన్నానో, ఆ అమ్మాయి అవ్వకు ఏమని సర్దిచెప్పిందో. "ఇది తీసెయ్యమ్మా, బాగుండదు" అన్నాను. అది నా మొహంలోకి చూసి ఏమీ అనకుండా కొట్టేసింది. సర్టిఫికెట్ వచ్చింది. పిల్లలకు మంచి నేర్పుదామని బయల్దేరిన దాన్ని, మంచిని చూసి రాసుకొచ్చిన పిల్ల చేత దాన్ని చెరిపించాను. జీవితంలో చాలా పొరపాట్లు చేశాను గానీ, ఇది నన్ను వదలదు.

కొన్నాళ్లకు నేనే అడిగాను, ఆ గురుకులం అమ్మాయి నంబరు ఉందా అని. ఉంది. వాళ్లిద్దరూ అప్పుడప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ అమ్మాయి ఫోన్లో నాతో మామూలుగానే మాట్లాడింది. పాస్‌బుక్కు అతను వాళ్ల చిన్నాన్నేనట. కాగితాల ఫోటోలు పంపించింది. నేను అనుకున్నట్టే, జాబ్‌కార్డులో ఇంటిపేరు ముందు ఉంది, ఆధార్‌లో చివర ఉంది, అందులోనూ ఒక అక్షరం తప్పు. ఏ కాగితం ఎక్కడ సరిచేయించాలో, ఫీల్డ్ అసిస్టెంట్‌ను ఏమడగాలో, ఏ రసీదు దాచుకోవాలో వరసగా చెప్పాను. చాలా తిరిగాడు. కొత్తగా చేసిన పనుల డబ్బు పడటం మొదలైంది. పాత బకాయి తేలలేదు. ఈ తిరుగుళ్లలో అతను ఎన్ని పూటల కూలి పోగొట్టుకున్నాడో నాకు లెక్క తెలుసు. జనవరిలోనే ఆ పది నిమిషాలు కూర్చుని ఉంటే అందులో కొంతైనా మిగిలేది.

మళ్లీ సంక్రాంతి దగ్గరపడుతుంటే అపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి, ఈసారి ఇంకా పెద్ద ఎత్తున చేద్దామని. నేను వద్దని రాశాను. ఎందుకని అడిగితే ఇదంతా చెప్పాను, కిటికీలోంచి పారేసిన పొట్లంతో సహా. కొందరికి కోపం వచ్చింది. మంచి పని చేస్తుంటే అడ్డం పడుతున్నావన్నారు. అలా అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు, ఏడాది కిందట నేనూ అదే మాట అనేదాన్ని. ఒకావిడ మాత్రం మా ఇంటికొచ్చి కూర్చుని, మన పక్క సైట్‌లో పనిచేసేవాళ్లు ఏ ఊరివాళ్లో ఎప్పుడైనా అడిగావా అంది. అడగలేదు. మర్నాడు ఇద్దరం వెళ్లాం. అచ్చంపేట వైపువాళ్లే. పిల్లలకు స్కూలు లేదు, ఇక్కడి బడిలో చేర్చుకోవాలంటే ఏం కాగితాలు కావాలో వాళ్లకు తెలియదు. ఆ పని ఇంకా నడుస్తోంది.

ఎండాకాలం ఉపాధి పనులు మొదలయ్యేలోపు పాత బకాయి సంగతి తేల్చుకోవడానికి చిన్నాన్నతో మండలాఫీసుకు తోడొస్తారా అని ఆ గురుకులం అమ్మాయి అడిగింది. ఆఫీసులో సెలవు పెట్టాను. అత్తమ్మ తానూ వస్తానంటోంది. అవ్వ గురించి అడిగాను. బాగుందట, అడవికి పోతూనే ఉందట. కడుపులు నిండలేదని, ఆ రోజు మనవరాలు తన మనసు నొచ్చకుండా చెప్పిన మాట అదని ఆమెకు చెప్పాలనుంది. చెబితే ఆ పిల్ల మాట తీసేసినట్టవుతుందని మా అమ్మాయి అంటోంది. ఏం చెయ్యాలో ముందు ఆ పిల్లనే అడుగుతాను.